చెవులున్న బొమ్మలు

నాలుగేళ్ల కిందట ఒక నవంబరు ఉదయం జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి వెళ్లే బస్సు దారిలో ఎవరికోసమో ఆగింది. పొగమంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్క జొన్నచేనులో నీలం చొక్కా మనిషి ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. "ఆపన్నా, ఆపు! మనిషున్నడు" అని కండక్టర్ మనోరమ అరిచింది. డ్రైవర్ చెన్నబసప్ప బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. కిటికీ పక్కనున్నవాళ్లు తొంగిచూసి ముందుగా నవ్వారు. తర్వాత బస్సంతా నవ్వింది.

"టికెట్ కొట్టు మేడం. పాపం, పొద్దుగాలకెళ్లి నిలవడ్డడు" అన్నాడు చెన్నబసప్ప.

అది పిట్టల్ని బెదిరించడానికి చేనులో పెట్టిన బొమ్మ. మనోరమ కూడా నవ్వింది గానీ, ఆ రోజు నాలుగు ట్రిప్పుల్లోనూ అటువైపే చూసింది. ఆ వారం ఆఫ్ రోజున స్కూటీ తీసి, భుజాన కెమెరా వేసుకుని ఆ చేనుకు వెళ్లింది.

ఆ కెమెరా ఆమె తమ్ముడు నవదీప్‌ది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే నవదీప్ కొత్తది కొనుక్కుని పాతది అక్కకు ఇచ్చాడు. మూడేళ్లుగా ఆమె దాంతో అందరూ తీసేవే తీసేది. మందార పువ్వు, చెరకు లోడు ట్రాక్టరు మీద సాయంత్రపు ఎండ, కూతురు రుచిత పుట్టినరోజు. ఒక్కొక్కటీ బాగానే ఉండేది. వారం తిరిగేసరికి అది తీసిన సంగతే గుర్తుండేది కాదు.

ఆ బొమ్మ దగ్గర మాత్రం ఆమె గంటసేపు ఉండిపోయింది. బస్సులోంచి చూసినప్పుడు అది వట్టి చొక్కా. దగ్గరికి వెళ్తే అది ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు తొడుక్కునే చొక్కా. జేబుకు ఒక పెన్ను మూత కూడా గుచ్చి ఉంది. గడ్డి కూరిన బొమ్మకు పెన్ను మూత ఎందుకు? చొక్కాతో పాటే వచ్చిందా, లేక ఎవరైనా పనిగట్టుకుని పెట్టారా? అడుగుదామంటే చుట్టుపక్కల ఎవరూ లేరు. అది తెలియకపోవడమే ఆమెను రెండో బొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. రెండోది మూడోదాని దగ్గరికి.

కొన్నాళ్లకు తనకు తానే కొన్ని నియమాలు పెట్టుకుంది. ప్రతి బొమ్మనూ ఎదురుగా నిలబడి, దాని ఎత్తులోనే తీయాలి. చేను కొంత, ఆకాశం కొంత కనిపించాలి. ఎంత వంకరగా ఉన్నా సరిచేయకూడదు. ఇంటికొచ్చాక నోటుబుక్కులో ఊరు, పంట, తేదీ, ఎవరిదో రాయాలి. మొగుడంపల్లి, కోహీర్, ఝరాసంగం దిక్కు ఏ ఆఫ్ రోజు వీలైతే ఆ రోజు వెళ్లేది. ఆమెను కొందరు పంటల సర్వేకు వచ్చిందనుకున్నారు. ఒకాయన బొమ్మను వదిలేసి తన కోడెల జతను తీయమని పట్టుబట్టాడు. అవీ తీసింది. ఒక పెద్దమనిషి మాత్రం, "గవర్నమెంటు బొమ్మలకు గూడ లెక్క రాస్తున్నదా?" అని గాభరాపడ్డాడు.

నాలుగేళ్లలో రెండు వందల ముప్ఫై ఆరు బొమ్మలయ్యాయి. కుండ తలవి, గోనె తలవి, హెల్మెట్ పెట్టినవి. కంది చేనులో చీర కట్టినది ఒకటి, అల్లం తోట అంచున దిష్టి కోసం నాలుక బయటపెట్టినది ఒకటి. అన్నీ ఫోనులో, కంప్యూటర్‌లో ఉన్నాయి. అన్నింటినీ ఒకేచోట ఎప్పుడూ చూడలేదు.

పోయిన జూలైలో ముసురు పట్టి ఎటూ కదలలేని ఒక ఆఫ్ రోజున ఆ పని పెట్టుకుంది. స్టూడియోలో చిన్న సైజులో కడిగించిన ఫోటోలన్నీ హాల్లో నేలమీద పరిచింది. మోటార్లకు వైండింగు చేసే ఆమె భర్త సదాశివ అన్నానికి ఇంటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేను ఎట్లకెళ్లి రావాలె?"

"గోడ పొంటి రా. జర చూసి అడుగెయ్యి."

మనోరమ వాటిని మొదట ఊళ్ల వారీగా పేర్చింది. తర్వాత పంటల వారీగా. ఆ తర్వాత బట్టల వారీగా. డిగ్రీ చదివే రుచిత వచ్చి పక్కన కూర్చుని, ఒక ఫోటో చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, దీనికి చెవులున్నయ్."

"ఉంటే?"

"మిగతావాటికి లేవు కదా. చూడు, కళ్లు పెడతరు, మీసం పెడతరు, నోరు పెడతరు. చెవులు ఎవ్వరు పెట్టలే."

మనోరమ వంగి చూసింది. నిజమే. ఇద్దరూ మోకాళ్ల మీద పాకుతూ హాలంతా వెతికారు. చెవులున్న బొమ్మలు పదహారు దొరికాయి. పదకొండు మొగుడంపల్లి దిక్కువి, ఐదు కోహీర్ దిక్కువి. అన్నీ గోనె తలలే. చెవులు అరిగిపోయిన స్లిప్పర్ల రబ్బరు. చెవి ఆకారంలో కోసి, సుతిలి దారంతో తలకు కుట్టారు. నాలుగేళ్లు వాటి ఎదుట నిలబడి కూడా ఆమె ఆ సంగతి గమనించలేదు. గోనె మురికి రంగు, రబ్బరు మురికి రంగు ఒకటిగా కలిసిపోయాయి.

ఇవన్నీ ఒక్కరే చేశారా? పిట్టను బెదిరించే బొమ్మకు చెవులతో పనేమిటి?

నోటుబుక్కు తీసింది. 'ఎవరిది' అన్న చోట ప్రతి బొమ్మకూ ఒక రైతు పేరుంది. చేను ఎవరిదో అడిగి రాసుకున్న పేర్లు అవి. బొమ్మ ఎవరు చేశారని ఒక్కరినీ అడగలేదు. రెండు వందల ముప్ఫై ఆరు పేర్లలో చేసినవాళ్ల పేరు ఒక్కటైనా ఉందో లేదో తెలియదు. ఆ రాత్రి అన్నం తింటూ ఆమె ఆ మాట మూడుసార్లు అంది. "అడుగుతే అయిపోవు గద" అన్నాడు సదాశివ, పప్పు వేసుకుంటూ.

వాన తెరపిచ్చాక అడగడం మొదలుపెట్టింది. మొదటి ముగ్గురు రైతులకు తెలియదు. ఒకాయనకైతే తన చేనులో బొమ్మ ఉన్న సంగతే గుర్తు లేదు. నాలుగో మనిషి రేవణసిద్ధప్ప. అల్లం వేస్తాడు. ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు.

"నేను పెట్టలే. కలుపుకు వచ్చిన ఆడోళ్లల్ల ఒకామె పెడతది. అడగకుంటనే పెడతది. పాత చెప్పులుంటే ఇయ్యమంటది."

"పేరేంది కాకా?"

"పేరు ఏం జేస్కుంట? ఎర్ర సంచి పట్కొని వస్తది. పొద్దుగాల ఏడు గంటల బస్సుకు దిగుతది."

ఏడు గంటల బస్సు మనోరమదే.

ఎర్ర సంచి మనిషి ఆమెకు బాగా తెలుసు. అరవై దాటిన బక్కపలచని మనిషి. మూడో స్టేజిలో ఎక్కి, ఎప్పుడూ డ్రైవర్ వెనక సీటు కోసం చూస్తుంది. ఆడవాళ్లకు టికెట్ ఉచితం అయినప్పటి నుంచి రోజూ ఆధార్ కార్డు చూపిస్తుంది, మనోరమ జీరో టికెట్ కొట్టి ఇస్తుంది. కార్డు మీద పేరు బస్వమ్మ. వందలసార్లు చదివిన పేరు.

మర్నాడు ఉదయం బస్సు కిక్కిరిసి ఉంది. మనోరమ మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వెళ్లి అడిగింది.

"పెద్దమ్మా, అల్లం తోటల బొమ్మ నువ్వే చేసినవా?"

బస్వమ్మ సంచిని ఒళ్లోకి లాక్కుంది. "ఏ బొమ్మ? నాకేం ఎర్క లేదు. ఎవరు చెప్పిన్రు?"

"అట్ల గాదు. మంచిగున్నదని అడుగుతున్న." జేబులోంచి ఫోటో తీసి చేతిలో పెట్టింది.

బస్వమ్మ ఆ ఫోటోను మోకాలి మీద పెట్టుకుని చూసింది. వెనక ఎవరో టికెట్ అని కేక వేస్తే మనోరమ అటు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆమె దిగిపోయింది. ఫోటో కూడా ఆమెతోనే వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆమె బస్సెక్కలేదు. భయపెట్టానేమో అని మనోరమకు మనసు పీకింది. మూడో రోజు బస్వమ్మ ఎక్కి, ఆధార్ కార్డుకు బదులు ఆ ఫోటో తీసి చూపించింది.

"మా మనుమరాలు ప్లాస్టిక్ కవర్ల పెట్టిచ్చింది. ఇంక ఉన్నయా బిడ్డా, నీ తాన?"

ఆ ఆదివారం ఇద్దరూ బస్వమ్మ ఇంటి ముందు రేకుల పందిరి కింద కూర్చున్నారు. మనోరమ బస్వమ్మ దగ్గరున్నదాంతో కలిపి పదహారు ఫోటోలూ వరసగా చాప మీద పెట్టింది. బస్వమ్మ వేలు పెట్టి ఒక్కొక్కదాన్నే చెప్పుకొచ్చింది. ఇది తొగరి, అంటే కంది చేనుది, ఆ ఏడు వాన పడలే. ఇది సజ్జ చేనుది, ఈ అంగీ మా పెద్దోనిది. ఇది గాలికి పడితే రెండుసార్లు లేపిన.

"చెవులెందుకు పెడతవ్ పెద్దమ్మా?"

బస్వమ్మ నవ్వింది. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి, తాను కూడా ఒక గుక్క తాగాక మొదలుపెట్టింది.

ఆమె పుట్టిన ఊరు కర్ణాటక సరిహద్దు దాటాక ఉంది. ఎనిమిదేళ్ల వయసులో ఆమె, శ్యామల అనే ఇంకో పిల్ల పటేల్ జొన్నచేనులో పిట్టలు కొట్టడానికి మంచె మీద కూర్చునేవాళ్లు. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా ఇద్దరే. పటేల్ వచ్చి ఒక జొన్న కంకి తగ్గినా తిట్టేవాడు. ఒక రోజు అతను పారేసిన చెప్పు వాళ్లకు గట్టు మీద దొరికింది.

"కొడవలితోని కోసి బొమ్మకు చెవులు కుట్టినం. ఇంగ పటేలుకు ఏం చెప్పాల్నో అన్ని ఆ చెవులకు చెప్తుంటిమి. ఆకలైతున్నదని. కూలి సగమే ఇచ్చిన్రని. శ్యామలి అయితే తిట్లు గూడ తిడుతుండె." బస్వమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఆయన ఎదురుంగ నోరు లేవదు గద. ఆ చెవులు ఆయన చెప్పుయే."

మనోరమ ఫోటోల వైపు చూసింది. ఆమె దృష్టి కోహీర్ దిక్కువైన ఐదింటి మీద పడింది. బస్వమ్మ వాటిని ఇంకా ముట్టుకోలేదు.

"మరి ఇవి? కోహీర్ దాకా కూలికి పోతవా?"

"కోహీరా? నేనెప్పుడు పోలే." బస్వమ్మ ఒక ఫోటో తీసి కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. జామతోట అంచున జొన్నచేనులో ఉన్న బొమ్మ అది. చాలాసేపు చూసింది. చెవికి గుచ్చిన సన్నటి ఇనుప తీగ రింగు మీద ఆమె వేలు ఆగింది.

"ఇవి నావి గావు. నేను కమ్మలు పెట్ట. కమ్మలు శ్యామలి పెడుతుండె. దానికి కమ్మలంటె పానం." ఫోటోను మనోరమ వైపు తిప్పింది. "ఇది ఎన్నటిది బిడ్డా?"

మనోరమ నోటుబుక్కు చూసింది. "పోయిన డిసెంబరుది."

శ్యామలను పెళ్లిచేసి బీదర్ అవతలికి పంపారు. తర్వాత చెరకు కోతకని ఆమె కుటుంబం మహారాష్ట్ర వెళ్లిందని తెలిసింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ముప్ఫై ఏళ్లు దాటింది. పుట్టినింట్లో అడిగేవాళ్లు కూడా పోయారు. ఏడాదికొకసారి బస్వమ్మకు ఆమె గుర్తొచ్చేది. బతికి ఉందని మాత్రం అనుకోలేదు.

"డిసెంబరుల చేసిందంటె ఉన్నట్టేనా?" అని అడిగింది బస్వమ్మ.

"పోయి చూద్దాం" అంది మనోరమ.

తర్వాతి ఆఫ్ రోజున బస్వమ్మ స్కూటీ వెనక కూర్చుంది. ఎర్ర సంచి ఇద్దరి మధ్య నలిగింది. జహీరాబాద్ దాటి కోహీర్ వెళ్లేదాకా, లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆమె మనోరమ నడుము గట్టిగా పట్టుకుంది. చేను యజమాని ఇంద్రసేనను అడిగితే ఆయన వెంటనే చెప్పాడు. "మా కాడ పనికి వచ్చే శ్యామలమ్మ. కూతురు రమ్య ఇంట్ల ఉంటది. చర్చి ఎనక గల్లీ."

గల్లీలో ఒక ఇంటి ముందు లావుపాటి ముసలామె చాటలో కందులు చెరుగుతోంది. చెవులకు కమ్మలున్నాయి. బస్వమ్మ స్కూటీ దిగి, చీర సర్దుకుని, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ముసలామె తలెత్తి చూసింది.

"ఎవరమ్మా?"

"నన్ను గుర్తుపట్టవానే? పటేల్ చేన్ల..."

చాట వాలిపోయింది. కందులు మట్టిలో దొర్లాయి. శ్యామలమ్మ లేవబోయి లేవలేక చేతులు చాపింది. బస్వమ్మ వెళ్లి ఆమె పక్కనే నేలమీద కూలబడింది. ఇద్దరూ ఏడ్చారు. మధ్యలో శ్యామలమ్మ, "ఇంత బక్కగైనవేందే" అంది. మనోరమ మెడలో కెమెరా ఉంది. దాని మీద చెయ్యి వేయలేదు. వంగి కందులు ఏరసాగింది.

అన్నాలయ్యాక ఫోటోలు బయటికి వచ్చాయి. చెవుల గురించి బస్వమ్మ చెప్పిన కథ మనోరమ మళ్లీ చెబితే శ్యామలమ్మ తల అడ్డంగా ఊపింది.

"గదంత ఇది అల్లుకున్నది. గాలికి చెప్పు ముక్కలు ఊగితె పిట్టలు బెదురుతయని పెట్టినం. నేనే చెప్పిన."

"నువ్వు చెప్పినవా? నువ్వు తిట్టిన తిట్లు మర్చినవా?"

"తిట్టిన. ఊకెనే తిట్టిన. చెవుల కోసం తిట్టలే."

"నీకు మతి పోయిందే."

"నీకే పోయింది. పటేల్ చెప్పు గాదు, వాళ్ల జీతగానిది."

మనోరమ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏది నిజమో తేల్చుకోవాలని ఎంతగానో అనిపించింది. ఇద్దరూ అక్కడే ఉన్నవాళ్లే. ఇద్దరూ ఖాయంగా చెబుతున్నారు. చివరికి నోటుబుక్కులో రెండు కథలూ రాసుకుంది.

ఈలోగా శ్యామలమ్మ తన బొమ్మల్ని ఏరుతోంది. నాలుగు పక్కన పెట్టి ఐదోదాన్ని తిరిగి చాప మీద వేసింది.

"ఇది నాది గాదు."

"నాది గూడ గాదు" అంది బస్వమ్మ.

ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఆ ఫోటో మీదికి వంగాయి. అదీ స్లిప్పర్ రబ్బరే, సుతిలి కుట్టే. రింగు కూడా ఉంది. కానీ చెవి తలకిందులైంది. మడమ భాగం పైన ఉంది.

"కుట్టు చూడు" అంది శ్యామలమ్మ. "మనది ఇటు వంగుతది. ఇది అటు వంగింది. ఎడమ చేతి మనిషి."

"ఎవరే ఆమె? మనల్ని చూసి చేసిందా?" బస్వమ్మ మనోరమ వైపు తిరిగింది. "ఇది ఎక్కడ తీసినవ్ బిడ్డా?"

మనోరమ చెప్పిన ఊరు అక్కడికి ఐదు కిలోమీటర్లు. స్కూటీ మీద ముగ్గురు పట్టరు. శ్యామలమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఆటో మాట్లాడు రమ్యా" అని లోపలికి కేక పెట్టింది.

వాళ్లు వెళ్లేసరికి ఎండ వాలింది. ఆ చేనులో ఇప్పుడు పెసర ఉంది. బొమ్మ లేదు. దాన్ని నిలిపిన కట్టె మాత్రం గట్టు మీద పడి ఉంది. ఇంకో పక్క ముప్ఫై అయిదేళ్ల ఆడమనిషి గేదె కోసం గడ్డి కోస్తోంది. ముగ్గురు కొత్తవాళ్లు చేనుకు అడ్డంగా నడిచి రావడం చూసి లేచి నిలబడింది. కొడవలి ఆమె ఎడమ చేతిలో ఉంది.

"ఎవరు గావాలె?"

మనోరమ ఫోటో ఇచ్చింది. ఆమె దాన్ని చూసి, వీళ్లను చూసి, మళ్లీ ఫోటో చూసింది.

"ఇది నేను జేసిందే. ఏమైంది?"

"ఏం గాలే. నీకెవరు నేర్పిన్రు?" అంది శ్యామలమ్మ.

"ఎవరు నేర్పలే. రెండేండ్ల కింద జామతోట కాడ జొన్న కోసినంక ఒక బొమ్మను పారేసిన్రు. చెవులు పెట్టి, కమ్మలు పెట్టి మనిషి లెక్కనే ఉండె. పారేయబుద్ధి గాలే. ఇంటికి తెచ్చుకొని, ఎట్ల చేసిన్రో చూద్దామని కుట్లన్ని విప్పిన. చూసుకుంట నేర్చుకున్న."

"విప్పినవా?" శ్యామలమ్మ కళ్లు పెద్దవి చేసింది. "అందుకే ఉల్టా కుట్టినవ్. మడమ కిందికి రావాలె."

"కిందికా? నేను పైకనుకున్న."

"ఏదైతే ఏంది, మంచిగనే ఉన్నది" అంది బస్వమ్మ.

"ఏం మంచిగున్నది? సుతిలి ఉన్నదా నీ తాన?"

ఆమె పేరు త్రివేణి. సుతిలి కోసం ఇంటికి పరుగెత్తింది. వచ్చేటప్పుడు దబ్బనం, తన భర్త పాత స్లిప్పరొకటి కూడా పట్టుకొచ్చింది. ముగ్గురు ఆడవాళ్లూ గట్టు మీద కూర్చున్నారు. బస్వమ్మ రబ్బరు కోసింది. శ్యామలమ్మ దారం దబ్బనంలోకి ఎక్కించి, ఇట్ల కాదు అట్ల అంటూ త్రివేణి ఎడమ చేతికి వీలయ్యేలా కుట్టు చూపించడానికి తంటాలు పడింది. తనకు కుడిచేతి కుట్టే వచ్చు. నాలుగుసార్లు కుట్టు తప్పింది. నవ్వుకున్నారు.

మనోరమ అప్పుడు కెమెరా తీసింది. "తీసుకోనా?" అని అడిగింది.

"తియ్యి, తియ్యి" అంది శ్యామలమ్మ, తలెత్తకుండానే. "వెలుతురు పోతున్నది."